టెలివిజను భాగములును, ఇల్లాలి తీరికవేళయు

మన యిండ్లలో టెలివిజను పెట్టెకొక వేళ కలదు. ఇల్లాలికొక వేళ కలదు. ఈ రెండు వేళలును కలియుట మిక్కిలి యరుదు. సందెదీపము పెట్టునప్పుడు, పొయ్యిమీద అన్నము కుతకుత లాడునప్పుడు, పిల్లలు ఎక్కములు అప్పగింప వచ్చి కొంగు పట్టుకొని నిలుచునప్పుడు సరిగా సీరియలు మొదలగును. మధ్యాహ్నము రెండు గంటలకు, వంటయిల్లు కడిగి, ఒక్క గడియ నడుము వాల్చు వేళకు, ఆ పెట్టెలో నూనెల ప్రకటనలును జాతకపు రాళ్ల ప్రకటనలును దక్క మఱేమియు నుండవు. "ఆడువారు దినమెల్ల టీవీ ముందఱనే కూర్చుందురు" అని హాస్యమాడు మగవారు ఒక చిన్న లెక్కను ఎన్నడును వేసి చూడలేదు. అరగంట భాగములో ఇల్లాలు కన్నులార చూచున దెంత? పోపుగింజలు చిటపటలాడుచుండగా చెవితో మాత్రము వినున దెంత?

ఇంట ఒక డెస్కుటాపు కంప్యూటరు ఉన్నచో, మనము నిదురించుచుండగా క్రొత్త భాగమును వెదకి దింపి యుంచునట్లు దానికి ఆజ్ఞ యీయవచ్చును. ఇది కష్టమైన విద్య కాదు. ఆవకాయ కలుపుటకన్న సులభమని మా యభిప్రాయము. ఏలయన ఇందు ఉప్పు ఎక్కువైనచో మరల తీయవచ్చును. అయితే దింపదగిన దేది, దింపరాని దేది యను వివేకము యంత్రమునకు లేదు. అది మనము చెప్పవలసినదే. ఈ వ్యాసమున సగము దాని గూర్చియే.

1987 జనవరి 25వ తేదీన దూరదర్శనమున రామానంద సాగరుగారి రామాయణము మొదలై, 1988 జులై 31 వఱకు ఆదివారము ఉదయములందు నడచెను. దాని వెనుకనే 1988 అక్టోబరు 2 నుండి 1990 జూను 24 వఱకు బి. ఆర్. చోప్రాగారి మహాభారతము. ఆ దినములను గూర్చి మన తల్లులు ఇప్పటికిని చెప్పుచుందురు. వీధికొక్కటిగా నున్న టీవీ ముందఱ చాపలు పఱచి, చెప్పులు గుమ్మము బయట విడిచి, భాష తెలియకున్నను భక్తితో చూచెడివారట. కాని ఆ ఉదయమున పురిటి యింటనో, తద్దినపు వంటలోనో చిక్కుకొన్న యిల్లాలికి ఆ వారపు ఘట్టము పోయినదే. మఱల చూచు దారి ఆమెకు లేదు. పొరుగింటి వదినెగారు నోట చెప్పగా వినవలసినదే. ముప్పది రెండేండ్లకు, 2020 మార్చి 28 మొదలుకొని, లాక్‌డౌను కాలమున దూరదర్శనము వారు ఆ రామాయణమునే తిరిగి ప్రసారము చేసిరి. అప్పుడైనను వారు చెప్పిన వేళకే మనము కూర్చుండవలెను.

ప్రసారము చేయువాని గడియారమునకు చూచువాడు లోబడి యుండుట న్యాయమా యను ప్రశ్న ఇతర దేశములందు ముందే పుట్టినది. 1975లో సోనీ కంపెనీవారు బీటామాక్సు అను టేపుయంత్రమును అమ్మకమునకు తెచ్చిరి. దానితో కార్యక్రమమును ఇంటనే పట్టి పిదప చూచుకొనవచ్చును. అమెరికాలోని సినిమా కంపెనీలు ఇది తమ హక్కునకు భంగమని దావా వేసినవి. 1984 జనవరి 17న ఆ దేశపు సుప్రీముకోర్టు, ఐదుగురు న్యాయమూర్తులు ఒక ప్రక్కను నలుగురు మఱియొక ప్రక్కను నిలువగా, ఇంటివారు ఒక కార్యక్రమమును తమ తీరికవేళకు మార్చుకొని చూచుట దోషము కాదని తీర్పు చెప్పెను. అది వారి దేశపు చట్టమేకాని మనది కాదు. అయినను ఆ తీర్పులోని మూలభావము గృహిణికి ఎంత దగ్గఱగా నున్నదో చూడుడు. అక్కడ కోర్టు తూచినది వినోదమును కాదు, వేళను.

అదే దేశమున ఫిలడెల్ఫియా నగరమున మేరియన్ స్టోక్సు అను నొక స్త్రీ యుండెను. పూర్వము గ్రంథాలయములో పని చేసినది. 1970ల చివర మొదలుపెట్టి, 2012 డిసెంబరులో కన్నుమూయువఱకు, ఆమె టీవీ వార్తలను రాత్రింబవళ్లు పలు యంత్రములపై ఏకకాలమున పట్టి యుంచెను. టేపు నిండగనే మార్చవలయును గనుక ఇంటివారి రాకపోకలు సైతము ఆ వేళను బట్టియే జరిగెడివట. ఆమె విడిచిపోయిన టేపులు సుమారు 70,000. చూచినవారు పిచ్చి యనుకొనిరి. కాని ప్రసార సంస్థలే తమ పాత టేపులను చెఱిపి మరల వాడుకొనిన కాలమది. బ్రిటనులోని బీబీసీ వారు 1960ల నాటి తమ ప్రసిద్ధ నాటకములలో పెక్కు భాగములను అట్లే పోగొట్టుకొనిరి. స్టోక్సు టేపులు నేడు ఇంటర్నెట్ ఆర్కైవు అను సంస్థ చేత నున్నవి. మా దృష్టిలో ఆమె గొప్పతనము టేపుల లెక్కలో లేదు. ఏది నిలుచునో ఏది పోవునో కంపెనీవారు నిర్ణయింతురులే యని ఊరకుండకపోవుటలో నున్నది.

మన గోదావరి సీమకు వత్తము. సఖినేటిపల్లి మండలమున మోరి యను గ్రామము కలదు. నాడు తూర్పు గోదావరి జిల్లాలోనిది, 2022 ఏప్రిలు నుండి కోనసీమ జిల్లాలోనిది. కొబ్బరితోటల నడుమనున్న ఆ గ్రామమున 2016 డిసెంబరులో ఏపీ ఫైబరు సేవలు ప్రారంభమైనవి. నాడు నెలకు 149 రూపాయలకు ఒకే తీగపై ఇంటర్నెట్టును, టీవీ చానళ్లును, టెలిఫోనును ఇచ్చిన పథకమది. మఱుసటి యేడు డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవిందుగారు దానిని రాష్ట్రమంతటికి ప్రారంభించిరి. ఈ సంగతిని మేము ఇచట ఎత్తుటకు కారణమొకటి కలదు. టీవీయు ఇంటర్నెట్టును ఒకే తీగపై ఇంటిలోనికి వచ్చిన దినముననే, వానికి గల భేదము పల్లెటి యిల్లాలి కంటికి స్పష్టమయ్యెను. టీవీ కాలువనీటి వంటిది. వంతు వచ్చినపుడు పట్టుకొనకున్నచో క్రిందిపొలమునకు పోవును. ఇంటర్నెట్టు చెఱువువంటిది, కడవ ఎప్పుడు తెచ్చినను నీరుండును. ఉండునని మనమనుకొందుము.

అనుకొందుమేగాని అన్నివేళల నుండదు. మా యింట అత్తగారు ఒక వ్రతకథల కార్యక్రమమును ఇంటర్నెట్టులో వరుసగా చూచుచుండిరి. ఇరువదవ భాగము వఱకు వచ్చిరి. ఒకనాటి మధ్యాహ్నము చూడగా ఆ భాగమే కాదు, మొత్తము వరుసయే లేదు. ప్రసారము చేసిన చానలు వారు తీసివేసిరి. కారణము చెప్పు బాధ్యత వారికి లేదు. వారి పేరు ఇచట మనకేల? "పుస్తకమైనచో బీరువాలో నుండును గదా" అని ఆమె యన్న మాటకు మా కెవ్వరికిని బదులు తోచలేదు.

ఇక యంత్రము పనిచేయు తీరు. ప్రతిదినము క్రొత్త భాగమును వెలువరించు సంస్థలు, ఆ భాగములకు ఒక పట్టికను గూడ ఇంటర్నెట్టులో నుంచుట కలదు. దీనిని ఫీడు అందురు. భాగము పేరు, వెలువడిన తేదీ, అది యున్న చోటు, ఇంతియే అందుండును. 1999లో నెట్‌స్కేపు కంపెనీ వారు వార్తాపత్రికల శీర్షికలకై ఇట్టి పట్టికకు ఆరెస్సెస్సు అను రూపమును కల్పించిరి. 2000 చివర దానికి ఒక చిన్న సంచి తగిలించిరి; శీర్షికతోపాటు ధ్వనిని గాని చిత్రమును గాని ఆ సంచిలో పెట్టి పంపవచ్చును. నేటి పాడ్‌కాస్టులన్నియు ఆ సంచినుండి పుట్టినవే. మన కంప్యూటరులోని సాఫ్టువేరు చేయు పనియెల్ల ఇంతే: చెప్పిన గంటకు ఆ పట్టికను తెఱచి చూచును, తాను లోగడ చూడని పేరేదైన నున్నదేమో పోల్చుకొనును, ఉన్నచో సంచిలోని దానిని దింపి మనము చూపిన ఫోల్డరులో పెట్టును, తన చిట్టాలో వ్రాసికొనును. తెల్లవాఱుజామున పాలు పోయువాడు గుమ్మమున గిన్నె యున్నదా యని చూచి పోసి పోవునట్లే. ఆ చిట్టాయే ముఖ్యము. అది లేకున్నచో దింపినదానినే ప్రతిదినము దింపుచుండును.

ఇట్టి పనికి జీపాడరు అను ఉచిత సాఫ్టువేరు కలదు. విండోసుపై, లైనక్సుపై నడచును. అందు మొదట చేయవలసినది చందా కట్టుట. మాసపత్రికకు చందా కట్టుటకు అలవాటుపడిన మనకు ఈ మాట క్రొత్త కాదు. దీనికి రొక్క మక్కఱలేదు, ఫీడు చిరునామాను అతికించిన చాలును. ఎడమప్రక్క కార్యక్రమముల పేర్లు, కుడిప్రక్క భాగముల వరుస కనబడును. పిదప అమరికలలోనికి పోవలెను. ఎంతసేపటికొకమారు పట్టికను చూడవలెనని అడుగును. దినమునకొక భాగము వచ్చు కార్యక్రమమునకు గంటగంటకు చూచుట వృథా. పండ్రెండు గంటలకొకమారు చాలును. క్రొత్తది కనబడినచో ఏమి చేయవలెనని మఱల అడుగును. ఊరకుండుట, పట్టికను చూపుట, వరుసలో చేర్చి యుంచుట, వెంటనే దింపుట, అని నాలుగు మార్గములు చూపును. నాలుగవ దానిని ఎన్నుకొన్నప్పుడే యంత్రము తనంతట తాను పని చేయును. తక్కిన మూడింటను మన వ్రేలు తగిలిననేకాని కదలదు.

అయితే నాలుగవ దానిని ఎన్నుకొను ముందు ఒక సంగతి. క్రొత్తగా చందా కట్టిన వెంటనే పాతభాగములన్నిటిని గూడ కొత్తవానిగా నెంచి దింపుటకు మొదలిడవచ్చును. నాలుగువందల భాగముల ప్రవచనమునకు చందా కట్టి, పడుకొని, తెల్లవాఱి లేచునప్పటికి డిస్కు నిండి యుండుట అసంభవము కాదు. అందువలన మొదట పాతవానినన్నిటిని ఎన్నుకొని "చూచినవి" అని గుర్తు పెట్టి, మనకు కావలసిన చోటనుండి మాత్రమే తెఱవవలెను. వార్తల వంటి వానికి "క్రొత్తది మాత్రమే నిలుపుము" అను ఏర్పాటు కలదు. నిన్నటి వార్త ఎవరికి కావలెను? కథాక్రమము గలవానికి అది పనికిరాదు; సుందరకాండలో నిన్నటి సర్గ లేక నేటి సర్గ యెట్లు తెలియును?

చూచినవానిని కొన్ని దినములకు తీసివేయుటకు సైతము ఒక ఏర్పాటున్నది. దానిని వారమునకు పెట్టుట మంచిది. దాని ప్రక్కనే చూడనివానిని గూడ తీసివేయు గడి యొకటి యుండును. దానిని ముట్టరాదు. వేవిళ్లతో పుట్టింటికి పోయిన కోడలు తిరిగి వచ్చి చూచుకొనవలసిన భాగములు ఆ గడి మూలమున పోవును.

యూట్యూబు చానళ్లకు గూడ ఫీడులున్నవి. వానిలో కడపటి 15 భాగములు మాత్రమే యుండును. పదునాఱవది వచ్చినపుడు మొదటిది జాఱిపోవును. కావున దినమునకు మూడేసి భాగములు వెలువరించు చానలునకు చందా కట్టి, ఆఱు దినములు కంప్యూటరు ఆర్పి పెండ్లికి పోయినచో నడుమ తెంపు పడును. దినమునకొక్కటి వచ్చుదానికి రెండువారముల గడు వుండును. ఈ చిన్న లెక్క తెలియక, "యంత్రము మోసము చేసిన"దని తిట్టువారిని చూచియున్నాము.

ఇచటనే హక్కుల మాట ఎత్తవలెను. యూట్యూబులో చూచుటకు అందఱికిని అనుమతి కలదు. దింపుకొనుటకు, వారే చూపిన బొత్తాముతో దక్క, వారి నిబంధన ఒప్పదు. ఆ బొత్తామును మన దేశమున 2014లో ప్రవేశపెట్టిరి. దానితో దింపినది వారి యాపులోనే తెఱచుకొనును, కొన్నాళ్లు ఇంటర్నెట్టు తగులకున్నచో మూసికొనును. అందువలన ఆ చానళ్ల ఫీడును "క్రొత్తది వచ్చినది" అని తెలిసికొనుటకు వాడుకొని, చూచుట వారి గుమ్మముననే చూచుట పద్ధతి. ఫీడు వేఱు, అనుమతి వేఱు. తలుపు మూయలేదు గదా యని పెరటిలోని జామకాయలు కోసికొనవచ్చునా?

మఱి స్వేచ్ఛగా దింపుకొనదగిన వెక్కడివి? కలవు. పాడ్‌కాస్టు ఫీడులోని సంచిలో పెట్టి పంపినది మనము దింపుకొనుటకే పంపినది. తెలుగు కథలను, రచయితల సంభాషణలను వినిపించు హర్షణీయము వంటివి ఆ విధముననే వచ్చుచున్నవి. ఐఐటీల వారు కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ పాఠములను స్వేచ్ఛా అనుమతితో విడుదల చేసియున్నారు; కాలేజీ పిల్లలున్న యింట అవి పనికివచ్చును. ఇంటర్నెట్ ఆర్కైవులో హక్కుల గడువు తీఱిన గ్రంథములు, పాత చిత్రములు, ధ్వనిముద్రణములు కలవు. కొన్ని కార్యక్రమములను నిర్మాతలే యూట్యూబులో నుంచిరి. 2001 నుండి 2007 వఱకు జెమినీ టీవీలో నడచిన అమృతము సీరియలును దాని నిర్మాతలు అచట పెట్టియుండుట మన యింటివారి కందఱకు తెలిసినదే. కాకినాడ వాస్తవ్యులగు చాగంటి కోటేశ్వరరావుగారి ప్రవచనములు, గరికిపాటి నరసింహారావుగారి ప్రసంగములు వెదకినపుడు ఒకే ప్రవచనము పదిచోట్ల పదిమంది పేర కనబడును. వారి యనుమతితో నడచు చోటేదో చూచి దానికే చందా కట్టవలెను. తక్కినవి ఎవరో ఎత్తి తెచ్చి పెట్టినవి. నడుమ నడుమ తమ సరకుల ప్రకటనలు దూర్చినవి గూడ ఉండును.

టీవీ భాగములను తనంతట తాను దింపునని పేరుబడ్డ సాఫ్టువేరులలో సోనారు మొదలగు కొన్ని కలవు. ఏ సీరియలు ఏ దినమున ఏ భాగము వచ్చునో పంచాంగమువలె ముందే తెలిసికొని, వెదకి, దింపి, పేరు మార్చి, అలమరలో సర్దును. పనితనమును చూచిన ముచ్చట గొలుపును. కాని అవి సరకు తెచ్చునది తఱచుగా టొరెంటుల నుండి. పిల్లలు ఇంట వీనిని పెట్టుచున్నారు, తల్లులకు తెలియదు. కావున టొరెంటన నేమో ఒకమారు చెప్పుట అవసరము. 2001లో బ్రామ్ కోహెన్ అను నతడు కల్పించిన ఈ పద్ధతిలో పెద్దదైన వస్తువును ముక్కలుగా చేసి పంచుదురు. ఒక ముక్క మన యింటికి చేరగనే మన కంప్యూటరు దానిని ఇతరులకు పంచుట గూడ మొదలుపెట్టును. విద్య స్వతహాగా దోషము కాదు. లైనక్సు వంటి ఉచిత సాఫ్టువేరును ఇట్లే పంచుదురు. అయితే పరుల సొత్తైన సీరియలును ఇట్లు దింపినపుడు, దింపుకొన్నవారు చూచినవారు మాత్రమే కారు, పంచినవారు గూడ. ఇంటర్నెట్టు కనెక్షను ఎవరి పేర నున్నదో ఆ గృహస్థు పేర ఆ పంపిణీ జరుగును. 1957 నాటి కాపీరైటు చట్టము 63వ సెక్షనున తెలిసి హక్కుభంగము చేసినవానికి ఆఱు మాసముల నుండి మూడేండ్ల వఱకు ఖైదు, ఏబదివేల నుండి రెండు లక్షల వఱకు జుల్మానా విధింపబడియున్నవి. సినిమాలకై 2023లో వేఱొక సవరణ వచ్చెను. 2025 నవంబరులో ఐబొమ్మ యను వెబ్‌సైటును నడపినాడని ఒకనిని హైదరాబాదు పోలీసులు నిర్బంధించినప్పుడు, మన వీధులలో "ఇక సినిమా లెక్కడ చూతుము?" అన్నవారే హెచ్చు. చలనచిత్రమునకు దీపములు మోసినవాని కూలి గూర్చి అన్నవారు తక్కువ.

పరిమాణము సంగతి. ఒక మోస్తరు స్పష్టత గల చిత్రము సెకండునకు ఒక మెగాబిట్టు చొప్పున వచ్చినచో గంటకు 450 ఎంబీ పట్టును. అరగంట సీరియలునకు 225. వారమునకు ఆఱు దినముల లెక్కన నెలకు ఇరువదియాఱు భాగములు, సుమారు 6 జీబీ. ఏడాదికి 70 జీబీ. ఒక టెరాబైటు డిస్కులో ఇట్టి సీరియలు పదునాలుగేండ్లు పట్టును. అంతకాలము సాగదీయువారును లేకపోలేదు. ప్రవచనమునకు బొమ్మ యెందుకు? ధ్వని మాత్రమైనచో గంటకు 29 ఎంబీ చాలును, చిత్రములో పదునైదవ వంతు. చత్వారము వచ్చిన అత్తగార్లకు, బియ్యమేఱు చేతులకు అదియే మేలు. నెలకు ఇంత యని కొలిచి యిచ్చు కనెక్షను గల యిండ్లు మొదట ధ్వనికే చందా కట్టవలెను. ఒకేమారు ఎన్ని దింపవలెను, ఎంత వేగమున దింపవలెను అను హద్దులు గూడ సాఫ్టువేరులో కలవు. ఒక్కొక్కటిగా, తక్కువ వేగమున అని పెట్టినచో పగటిపూట పిల్లల పాఠములకు అడ్డు రాదు.

కంప్యూటరు నిదురపోయినచో సాఫ్టువేరు గూడ నిదురపోవును. విండోసులో టాస్కు షెడ్యూలరు అనునది కలదు. ఫలాని గంటకు మేల్కొని ఫలాని పని మొదలిడుమని అందు వ్రాసిపెట్టవచ్చును. తెల్లవాఱుజామున మూడు గంటలు మంచివేళ. నడుమ కరెంటు పోయినచో భయపడ నక్కఱలేదు. సగము దిగినది సగముగనే యుండును. మరల తెఱచినపుడు మిగిలినది దింపవలెనా యని జీపాడరు అడుగును, ఔనన్న చాలును.

ఈ శ్రమయంతయు ఏల, కావలసినపుడు చూచుకొనరాదా యని అడుగువారుందురు. పట్టణములవారికి అది చెల్లును. 2022 మే 24న జిల్లా పేరు విషయమై అమలాపురమున అల్లరులు చెలరేగిన పిదప కోనసీమలో పెక్కుదినములు మొబైలు ఇంటర్నెట్టును నిలిపివేసిరి. ఇంటినుండి ఉద్యోగములు చేసికొను యువతీయువకులు లాపుటాపులతో గోదావరి యొడ్డునకు పోయి ఆవలి సంకేతములకై కాచుకొనిరి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురము దాపున తీరము దాటెను. అట్టి రాత్రులలో స్తంభములు కూలును, తీగలు తెగును, కరెంటు ముందు పోవును, ఇంటర్నెట్టు దాని వెంట పోవును. కరెంటు మొదట వచ్చును. తీగ అతుకుటకు మఱి కొన్నాళ్లు పట్టును. ఆ నడిమి దినములలో ఇంట ముసలివారు, చంటిపిల్లలు, చేయుటకు పని లేక చిరచిరలాడు మగవారు. డిస్కులో దాచిన ప్రవచనము, పిల్లల పాఠము, ఒక హాస్యకథ యుండుట అప్పుడు అటకపై వరుగులుండుటవంటిది.

పిల్లలమాట వచ్చినది గనుక: 2017లో కేంద్రప్రభుత్వమువారు స్వయంప్రభ యను పేర చదువుల టీవీ చానళ్లను మొదలుపెట్టిరి. ఆ పాఠములు సైతము వేళ ప్రకారము వచ్చునవే. వానిలో ఇంటర్నెట్టునందు దింపుకొన నిచ్చినవి దింపి, ఒక్కొక్క విషయమునకు ఒక్కొక్క ఫోల్డరు పెట్టుట మా యనుభవమున మేలైనది. పిల్లవాని ఫోల్డరు వేఱు, అత్తగారిది వేఱు, మనది వేఱు. మనది యనునది తప్పక యుండవలెను. చాల యిండ్లలో అందఱి పేరను ఫోల్డరు లుండి ఇల్లాలి పేర మాత్రము లేకుండుటను చూచితిమి.

పేర్ల విషయమున కొంచెము పట్టుదల కావలెను. యంత్రము దింపిన భాగమునకు నిర్మాతలు పెట్టిన పేరే యుండును; అది తఱచు పొడవు, వింత. కంప్యూటరు అక్షరక్రమమున పేర్చును గనుక 1 పిదప 10, దాని పిదప 11, ఎక్కడనో 2 వచ్చుట కలదు. 001, 002 అని సున్నలతో మొదలుపెట్టినచో వరుస చెడదు. జీపాడరు క్రొత్తదానిని పైన చూపును. కథ కలదానికి పాతది పైన నుండునట్లు వరుసను త్రిప్పుకొనవలెను. లేనిచో పట్టాభిషేకము ముందును పుత్రకామేష్టి పిదపను చూడవలసి వచ్చును.

దింపినదానిని పెద్ద టీవీపై చూచుటకు పెన్‌డ్రైవు చాలును. ఎంపీ4 అను రూపమున నున్నవానిని నేటి టీవీలు చాలవఱకు చదువును. ఫ్యాట్32 అను పాత అమరికతో నున్న పెన్‌డ్రైవులో ఒక్కొక్కటి 4 జీబీకి మించినది పట్టదు. అరగంట భాగములకు ఆ చిక్కు లేదు. మా యెఱుకలో నరసాపురమున నున్న ఒకామె, పంచుకొనుటకు అనుమతి గల పాఠములను, పాత హక్కుల గడువు తీఱిన గ్రంథముల పఠనములను వారమునకొకమారు పెన్‌డ్రైవులో నింపి, ఆవలి యొడ్డున ఇంటర్నెట్టు లేని చెల్లెలి యింటికి పంటుపై పంపుచుండును. సఖినేటిపల్లి రేవున దిగినవారెవరో ఒకరు అందింతురు. వచ్చుటకు ఖాళీ పెన్‌డ్రైవు వచ్చును, దానితో ఒక్కొక్కప్పుడు నాలుగు కొబ్బరికాయలును వచ్చును.